ప్రకటన వేయవద్దన్నందుకు ప్రాణం తీశారు

సంపాదకులకు నమస్కారం.

2022 మే 15న పోప్ ఫ్రాన్సిస్ రోమ్‌లో పదిమందిని పునీతులుగా (సెయింట్లుగా) ప్రకటించినప్పుడు, వారిలో మన దేశపు దేవసహాయం పిళ్లై ఉండడంతో మన దృష్టి సహజంగానే ఆయన మీద నిలిచింది. అదే జాబితాలో ఉన్న డచ్ మతగురువు ఫాదర్ టైటస్ బ్రాండ్స్‌మా పేరు వరంగల్ మేత్రాసనం (డయోసిస్)లోని మాబోటి విశ్వాసులకే సరిగా పట్టలేదు, ఇక ఇతరుల సంగతి చెప్పనక్కరలేదు. ఆయన సభ్యుడైన కార్మెల్ సన్యాస సభవారు జులై 27న ఆయన పండుగ జరుపుకుంటారు. అయితే ఆయన గురించి గుడిలో చెప్పుకుంటే సరిపోదనీ, ఆయనను ముందుగా గుర్తుచేసుకోవలసింది పత్రికా కార్యాలయాలేననీ నా అభిప్రాయం. అందుకే ఈ లేఖ.

ఆయన 1881లో నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్‌లో ఒక రైతు కుటుంబంలో పుట్టి, 1905లో గురుపట్టం పొంది (మతగురువై), 1923లో నైమేఖెన్‌లో కథోలిక విశ్వవిద్యాలయం మొదలైన నాటి నుంచి అక్కడ తత్త్వశాస్త్రం బోధించారు. అంతకుముందే ఓస్ పట్టణంలో ఒక స్థానిక పత్రికకు సంపాదకుడిగా పనిచేశారు కనుక అచ్చు, ప్రకటనలు, చందాలు అనే మూడు బాధలూ ఆయనకు తెలియనివి కావు. 1935లో కథోలిక పాత్రికేయుల సంఘానికి పీఠాధిపతుల (బిషప్పుల) తరఫున సలహాదారుగా ఆయనను నియమించడానికి ఈ అనుభవం కూడా తోడ్పడి ఉంటుంది.

1940 మేలో జర్మనీ సైన్యం నెదర్లాండ్స్‌ను ఆక్రమించింది. మరుసటి ఏడాది బడుల నుంచి యూదు పిల్లలను పంపివేయాలన్న ఆజ్ఞ వచ్చినప్పుడు, కథోలిక బడులు అలా చేయరాదని ఆయన గట్టిగా నిలబడ్డారు. అసలు ప్రమాదం 1941 డిసెంబరులో వచ్చింది. డచ్ నాజీ పార్టీ ఇచ్చే ప్రకటనలను ఏ పత్రికా తిరస్కరించరాదని ఆక్రమణదారులు ఆదేశించారు. చూడడానికి అది చిన్న విషయమే. నాలుగు అంగుళాల ప్రకటన, దానికి రావలసిన సొమ్ము, అంతే. అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) యోహానెస్ డె యోంగ్ సమ్మతితో ఫాదర్ టైటస్ డిసెంబరు 31 తేదీతో సంపాదకులకు ఒక లేఖ సిద్ధం చేశారు. జరిమానా వేసినా, పత్రికను కొన్నాళ్లు ఆపివేసినా, పూర్తిగా మూసివేసినా సరే ఆ ప్రకటనలను నిరాకరించాలనీ, సర్దుకుపోవడానికి ఇక హద్దు వచ్చేసిందనీ దాని సారాంశం. ఆ లేఖను తపాలాలో పడేసి ఊరుకోకుండా, అరవై ఏళ్ల వయసులో, అంతంతమాత్రపు ఆరోగ్యంతో, చలికాలంలో ఊరూరా తిరిగి ఒక్కొక్క సంపాదకుడినీ స్వయంగా కలిశారు. పత్రిక మూతపడితే వీధిన పడేది సంపాదకుడే కనుక, ఆ మాట ఎదురుగా కూర్చుని చెప్పడమే మర్యాద అని ఆయన భావించి ఉంటారని నాకు అనిపిస్తుంది. పధ్నాలుగు మందిని కలిసేసరికి పోలీసులు వెంటపడ్డారు. 1942 జనవరి 19న నైమేఖెన్ మఠంలో అరెస్టు చేశారు.

స్ఖెవెనింగెన్ జైలులో విచారణాధికారి, డచ్ ప్రజలు నాజీ పార్టీని ఎందుకు వ్యతిరేకిస్తున్నారో రాసి ఇమ్మన్నాడు. ఫాదర్ దాపరికం లేకుండా రాసి ఇచ్చారు. చివర నెదర్లాండ్స్‌ను దేవుడు దీవించాలని రాసి, ఆ వెంటనే జర్మనీని కూడా దీవించాలని రాశారు. అదే జైలు గదిలో కాగితాలు లేక, ఒక అచ్చు పుస్తకంలోని వరుసల మధ్య ఖాళీలలో కార్మెల్ సభకే చెందిన పునీతురాలు అవిలా తెరేసమ్మ జీవితచరిత్ర రాయడం మొదలుపెట్టారు. అక్కడి నుంచి అమెర్స్‌ఫూర్ట్ శిబిరానికి, చివరకు జూన్‌లో జర్మనీలోని డాఖావ్ నిర్బంధ శిబిరానికి తరలించారు. ఆ యుద్ధకాలంలో డాఖావ్‌లో సుమారు 2,700 మంది మతగురువులను నిర్బంధించగా వెయ్యిమందికి పైగా అక్కడే కన్నుమూశారు. వారిలో అత్యధికులు పోలండ్ గురువులు. ఫాదర్ టైటస్ అక్కడ బతికింది అయిదారు వారాలే. జులై 26న శిబిరపు ఆసుపత్రిలో విషపు సూది వేసి చంపారు.

ఆ సూది వేసిన నర్సుకు ఆయన అంతకుముందు తన జపమాల ఇచ్చారు. తనకు ప్రార్థించడం రాదని ఆమె అంటే, “పాపాత్ములమైయుండెడు మా కొరకు ప్రార్థించండి” అన్న ఆ ఒక్క మాట చాలునన్నారట. యుద్ధం ముగిసిన తరువాత ఈ సంగతి సాక్ష్యంగా చెప్పింది ఆ నర్సే. ఆయన మరణించిన ఆదివారం నాడే, యూదులను తరలించడాన్ని ఖండిస్తూ పీఠాధిపతులు రాసిన లేఖను నెదర్లాండ్స్ చర్చిలలో చదివారు. దానికి ప్రతీకారంగా, క్రైస్తవులుగా మారిన యూదులను వారం తిరగకుండా పట్టుకుపోయారు. వారిలో ఒకరైన సన్యాసిని ఎడిత్ స్టెయిన్ ఆగస్టు 9న ఆష్విట్జ్‌లో హతమయ్యారు.

మన తెలంగాణ పాఠకులకు ఇది దూరపు కథ కానక్కరలేదు. ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో రజాకార్లు చంపింది ఆయన రాతలకే. ఇద్దరి మతం వేరు, కాలం ఇంచుమించు ఒకటే. అక్కడ ఒకరు అచ్చు వేయవద్దన్నందుకు, ఇక్కడ ఒకరు అచ్చు వేసినందుకు ప్రాణాలిచ్చారు. షోయబుల్లా ఖాన్‌ను మన పత్రికలు ఆగస్టులో తలచుకుంటూనే ఉన్నాయి. అంతకు ముందు నెలలో వచ్చే ఫాదర్ టైటస్ వర్ధంతినాడు కూడా మీ సంపాదకీయ పేజీలో ఒక వ్యాసానికి చోటివ్వాలని కోరుతున్నాను. ఆయనను పాత్రికేయుల పాలక పునీతుడిగా (పేట్రన్ సెయింట్‌గా) ప్రకటించాలని 2022లో పలువురు పాత్రికేయులు పోప్‌కు విన్నవించిన సంగతి కూడా అందులో చేర్చవచ్చు. మా చర్చి ప్రసంగాలలో సాధారణంగా నర్సు, జపమాల ఘట్టమే వినిపిస్తుంది, ప్రకటనల గొడవ పక్కకు పోతుంది. వ్యాసం ఎవరు రాసినా, డిసెంబరు 31 నాటి లేఖకు ఎక్కువ చోటివ్వమని మనవి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఫాతిమానగర్, కాజీపేట