“ఏం చేయదండీ” అనడం నేను మానేశాను

ఎడిటర్ గారికి నమస్కారం.

బండ్ల వెంటపడే కుక్కల మీద మీ పేజీలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. నాలుగు తగిలిస్తే అదే దారికొస్తుందని ఒకరు రాశారు, కుక్క తోక వంకర ఎక్కడికి పోతుందని ఇంకొకరు రాశారు. ఇద్దరూ రోడ్డు మీద నుంచి మాట్లాడినవాళ్లే. నేను గేటు లోపలి మనిషిని. సైకిల్ కనిపిస్తే చాలు పిచ్చెత్తినట్టు పరిగెత్తే కుక్క మా ఇంట్లోనే ఉంది, దాని పేరు చుక్క.

ఒక సాయంత్రం గేటు గడియ సరిగ్గా పడలేదు. పన్నెండేళ్ల పిల్లాడు సైకిల్ మీద వెళ్తున్నాడు, ఇది బాణంలా దూసుకెళ్లి పిక్క దగ్గర నోరు పెట్టింది, వాడు బెదిరి పడిపోయాడు. మోచెయ్యి దోక్కుపోయింది, పిక్క మీద ఒక పంటి గాటు. నేను పరిగెత్తుకుంటూ వెళ్లి అన్న మొదటి మాట ఏమిటో తెలుసా, “భయపడకు నాన్నా, ఏం చేయదు.” తర్వాత వాళ్లమ్మ వచ్చి, “చేసింది కదండీ” అంది. అంతే అంది. అరిచి గొడవ చేసినా ఇంత గుర్తుండేది కాదేమో.

ఆ రోజు ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాను. గాయాన్ని ధారగా పడే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగించి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి, చుక్కకి టీకాలు వేయించిన కార్డు డాక్టరుకి చూపించాను. చిన్న గాటే కదా అని ఊరుకునేవాళ్లు దయచేసి వినండి, రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు ఉండదు, లక్షణాలు రాకముందే వేసే టీకా మాత్రం కాపాడుతుంది. మన కుక్కకి టీకాలు ఉన్నాయి కాబట్టి అవతలివాళ్లకి అక్కర్లేదు అని తీర్పు చెప్పాల్సింది మనం కాదు, డాక్టరు.

ఇక అసలు సంగతి. కుక్క ఎందుకు వెంటపడుతుంది? కుక్క కంటికి రంగుల కన్నా కదలిక బాగా ఆనుతుంది. వేగంగా దూరమయ్యేది ఏదైనా సరే దాన్ని తరమాలనే తహతహ వేటాడిన పూర్వీకుల నుంచి వచ్చింది, గొర్రెల్నీ పశువుల్నీ తోలడానికి పెంచిన జాతుల్లో అయితే మనుషులే తరాల పాటు దాన్ని ఏరి మరీ పెంచారు, అందుకే కొన్ని మడమల దగ్గరే పట్టుకుంటాయి. కొన్ని కుక్కలు ఆటగా తరుముతాయి, కొన్ని భయంతో, కొన్ని ఇది నా చోటు అన్న పట్టుదలతో. మొరిగే కుక్క కరవదు అనే సామెతని నమ్ముకోకండి, చుక్క మొరుగుతూనే కరిచింది.

నాకు ఆలస్యంగా అర్థమైన విషయం ఇంకోటి ఉంది. సైకిల్ అతను తన పని మీద తను వెళ్తున్నాడు, ఎలాగూ వెళ్లిపోతాడు. కానీ కుక్క లెక్కలో అలా కాదు, నేను మొరిగాను, తరిమాను, వాడు పారిపోయాడు, గెలిచాను. రోజుకి పది బండ్లు గేటు ముందు నుంచి వెళ్తే పది గెలుపులు. గేటు లోపల ఉంది కదా, మొరిగితే మొరగనీ అని నేను టీ తాగుతూ కూర్చున్న రోజులన్నీ అది సాధన చేసింది. నేను ఏమీ నేర్పలేదు అనుకున్నాను, అది మాత్రం రోజూ నేర్చుకుంటూనే ఉంది.

కాబట్టి శిక్షణ కన్నా ముందు ఆ సాధన ఆగాలి. గేటుకి రెండో గడియ పెట్టించాం, చువ్వల సందుల్లోంచి రోడ్డు కనిపించకుండా రేకు కొట్టించాం, బయటికి వెళ్తే బెల్టు లేకుండా వెళ్లేది లేదు. దీనికి ఎవరూ చప్పట్లు కొట్టరు, చూడ్డానికి శిక్షణలా కూడా ఉండదు, కానీ ఇది లేకపోతే తర్వాత చేసేదంతా బూడిదలో పోసిన పన్నీరే.

కొట్టడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మొదట్లో నేనూ కొట్టాను. సైకిల్ చూసి ఎగిరినప్పుడల్లా ఒకటి వేసేదాన్ని. దానికి అర్థమైంది ఒక్కటే, సైకిల్ కనిపిస్తే నాకు నొప్పి వస్తుంది. అంటే సైకిల్ మీద కోపం ఇంకా పెరిగింది. అంతకన్నా తెలివితక్కువ పని, తరిమి తరిమి తిరిగొచ్చాక తిట్టడం. అప్పటికి దాని బుర్రలో తరమడం ఎప్పుడో అయిపోయింది, తిట్లు పడింది ఇంటికి వచ్చినందుకు. తర్వాత పిలిస్తే రావడం మానేసింది. కరెంటు షాకిచ్చే పట్టీలు కొనే ఆలోచన ఉన్నవాళ్లూ ఇదే గుర్తుపెట్టుకోండి, నొప్పికి కారణం ఎవరని కుక్క అనుకుంటుందో మన చేతిలో ఉండదు, పక్కనే నడుస్తున్న పసివాడు కూడా కావచ్చు.

మాకు పనికొచ్చింది దూరం. ప్రతి కుక్కకీ ఒక దూరం ఉంటుంది, అక్కడి నుంచి సైకిల్ కనిపించినా చెవులు నిక్కబొడుస్తుంది గానీ ఎగరదు, మన మాట వినపడుతుంది, పెట్టింది తింటుంది. మా చుక్కకి మొదట్లో అది ముప్పై మీటర్ల పైనే. ఖాళీ మైదానంలో అంత దూరాన మా తమ్ముడు సైకిల్ పట్టుకుని ఊరికే నిలబడేవాడు. చుక్క చూడగానే నోట్లో ఒక మాంసం ముక్క. మళ్లీ చూస్తే మళ్లీ ముక్క. వరస ముఖ్యం, ముందు సైకిల్ కనపడాలి, తర్వాతే ముక్క రావాలి, తలకిందులైతే ముక్క కనిపించినప్పుడల్లా ఏదో బండి వస్తోందని దానికి అనుమానం మొదలవుతుంది. గంట మోగాక తిండి వస్తే కొన్నాళ్లకి గంట మోగగానే కుక్కకి లాలాజలం ఊరుతుందని బడిలో పావ్‌లోవ్ పాఠం చదివాం కదా, అదే ఇది, గంట బదులు సైకిల్.

నిలబడిన సైకిల్‌కి అలవాటయ్యాక తమ్ముడు దాన్ని నడిపించుకుంటూ వెళ్లాడు, తర్వాత నెమ్మదిగా తొక్కాడు, చాలా రోజుల తర్వాత కాస్త వేగంగా. వేగం పెంచిన రోజు దూరం కూడా పెంచాలి, ఎక్కువ వేగం, తక్కువ దూరం ఒకేసారి కుక్క మీద పడేస్తే పాత కథే. రోజుకి ఐదు పది నిమిషాలు చాలు. అది ఎగిరిందంటే తప్పు దానిది కాదు, మనం తొందరపడి దగ్గరికి తెచ్చామని అర్థం, మాట్లాడకుండా వెనక్కి వెళ్లడమే. మా తమ్ముడు మాత్రం, కుక్కకి ముక్కలు నాకు చెమటలు అని రోజూ సణిగేవాడు.

మూడో వారంలో అనుకుంటా, చుక్క సైకిల్ వైపు చూసి, తల తిప్పి నా వైపు చూసింది, ముక్క ఏదీ అన్నట్టు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అక్కడి నుంచి “ఇటు చూడు”, “ఆగు”, “పద” లాంటి మాటలు పట్టాయి, ఎందుకంటే అప్పటికి దాని బుర్రలో మాట దూరడానికి చోటు వచ్చింది. పరుగు అందుకున్నాక ఎంత అరిచినా చాలా కుక్కలకి వినపడదు, మాట పనిచేసేది ఆ చూపుకీ పరుగుకీ మధ్య ఉండే క్షణంలోనే.

సైకిల్ నేర్చింది కదా అని మోటార్‌సైకిల్ వస్తుందనుకోవద్దు. చప్పుడు వేరు, మళ్లీ దూరం నుంచి మొదలు. స్కేటింగ్ బోర్డు ఇంకో పాఠం. వీల్‌చైర్ గురించి ఎవరూ ఆలోచించరు గానీ అందులో కూర్చున్న మనిషి లేచి పరిగెత్తలేరు, అందుకే దాన్ని నేను విడిగా అలవాటు చేశాను. మధ్యలో ఒకరోజు మలుపులో రెండు బైకులు ఒక్కసారిగా మీదికొచ్చినట్టు వచ్చాయి, బెల్టు ఉంది కాబట్టి సరిపోయింది గానీ పది రోజుల కష్టం పోయింది.

కరిచిన చరిత్ర ఉన్న కుక్కకి మూతికి బుట్ట తప్పనిసరి అని నా అభిప్రాయం. గుడ్డతో బిగించి కట్టేది కాదు, నోరు తెరిచి రొప్పగలిగే జాలీ బుట్ట, కుక్క ఒంట్లో వేడి పోయేది ప్రధానంగా ఆ రొప్పడం వల్లే. అందులోనే ముక్కలు పెట్టి తినిపిస్తూ అలవాటు చేస్తే తనంతట తనే మూతి పెడుతుంది. చూసేవాళ్లు అయ్యో పాపం అంటారు, అననీయండి. ఎప్పుడూ లేనిది హఠాత్తుగా వెంటపడటం మొదలుపెడితే ముందు పశువుల డాక్టరుకి చూపించండి, ఒంట్లో నొప్పి ఉన్న కుక్క చిరాకుగా ఉంటుంది. కుక్కపిల్లని కొత్తగా తెచ్చుకున్నవాళ్లు అదృష్టవంతులు, మూడు నెలలు నిండేలోపు చూసినవాటిని అది లోకంలో మామూలు సంగతులుగానే తీసుకుంటుంది, ఇంటి ముందు ఒళ్లో కూర్చోబెట్టుకుని వెళ్లే బండ్లన్నీ చూపించండి చాలు.

సైకిల్ మీద వెళ్లేవాళ్లకి ఒక్క మాట, అది కూడా సంకోచిస్తూనే చెప్తున్నాను, జాగ్రత్త పడాల్సిన బాధ్యత మీది కాదు కాబట్టి. కుక్క తరిమితే వేగం పెంచాలనిపిస్తుంది, కాలితో తన్నాలనిపిస్తుంది, ఆ రెండూ చేయబోయే సైకిల్ మీద నుంచి కింద పడే ప్రమాదం ఉంది. వెనకా ముందూ బండ్లు లేకపోతే నెమ్మదించి, దిగి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్య అడ్డంగా పెట్టండి. కదలిక ఆగితే చాలా కుక్కలకి ఆట పోతుంది. అన్నింటికీ అని నేను హామీ ఇవ్వలేను.

ఆ పిల్లాడు ఇప్పటికీ మా వీధిలోనే వెళ్తాడు. మొదట్లో చుట్టు తిరిగి వెళ్లేవాడు, ఈ మధ్య దూరం నుంచే బెల్లు కొట్టి, నేను బెల్టు చేతికి చుట్టుకునేదాకా ఆగి, అప్పుడు వస్తున్నాడు. వాడు దాటిపోయేంతసేపూ చుక్క నా జేబు వైపే చూస్తూ ఉంటుంది. వాడింకా చుక్క వైపే చూస్తాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు