వాయుసేన వీరుల స్మారక ఫలకాలు: జమా ఖర్చుల వివరణ

విరాళాలు ఇచ్చిన పెద్దలకు, మాజీ సైనికోద్యోగులకు కమిటీ తరఫున నమస్కారాలు. లెక్కలు ఎప్పుడు చెబుతారని కొందరు, మూడో రాయి ఎందుకు పెట్టారని మరికొందరు అడుగుతున్నారు. అడిగే హక్కు మీకుంది. పైసాతో సహా చెబుతున్నాం.

జమ
బ్యాంకు ఖాతాలో పడినవి: రూ. 2,64,000
రసీదు ఇచ్చి తీసుకున్న నగదు: రూ. 48,500
బ్యాంకు వడ్డీ: రూ. 1,240
మొత్తం: రూ. 3,13,740

ఖర్చు
పునాది, దిమ్మె, కూలీలు: రూ. 72,400
మూడు గ్రానైట్ పలకలు, పాలిష్, లారీ కిరాయి: రూ. 1,18,000
అక్షరాలు చెక్కించడానికి: రూ. 54,600
ఆహ్వానాలు, షామియానా, మైకు, టిఫిన్లు: రూ. 31,350
వీరుల కుటుంబాల ప్రయాణం, శాలువాలు: రూ. 22,800
మొత్తం: రూ. 2,99,150
నిల్వ: రూ. 14,590

చీమకుర్తి గెలాక్సీ రాయి ఎందుకు తీసుకోలేదని చాలామంది అడిగారు. ఆ రాయిలో మెరుపు చుక్కలుంటాయి. చిన్న అక్షరాలు వాటిలో కలిసిపోతాయి. చూపు తగ్గిన తల్లులు, అక్కలు వచ్చి వేలితో తడుముతూ చదువుకునే పేర్లు అవి. అందుకే చుక్కల్లేని నల్లరాయి తీసుకుని, అక్షరాలు లోతుగా చెక్కించి, తెల్లరంగు నింపించాం.

వాయుసేన పైలట్, ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ గారి విగ్రహం పెడితే బాగుండేదని ఒక మాట వచ్చింది. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీదికి వచ్చిన శత్రు విమానాలను నాట్ అనే చిన్న యుద్ధ విమానంతో ఎదుర్కొని ప్రాణమిచ్చిన మహానుభావుడాయన. వాయుసేనలో పరమవీర చక్ర దక్కింది ఇప్పటికీ ఆయనొక్కరికే. ఆయన ప్రతిమ ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం దగ్గరున్న పరమ యోధ స్థల్‌లో ఉంది. మన జిల్లా నుంచి వెళ్లిన ఫిట్టర్ పేరు, వైర్‌లెస్ ఆపరేటర్ పేరు చదువుకోవడానికి మాత్రం ఇక్కడ ఒక్క చోటు కూడా లేదు. ఉన్న డబ్బుతో పేర్లే చెక్కించాలనుకున్నాం. హోదా చూడకుండా అందరినీ అక్షర క్రమంలో పెట్టాం.

ఇక మూడో రాయి. దీనికి రూ. 38,000 అయింది, పై లక్షా పద్దెనిమిది వేలలో అది కూడా ఉంది. సగం ఖాళీగా ఉన్న రాయికి అంత డబ్బా అని గట్టిగానే అన్నారు. మొదట అన్ని పేర్లూ రెండు రాళ్ల మీద, "అమరులు" అన్న శీర్షిక కింద వేయాలనుకున్నాం. పేర్ల జాబితా కుటుంబాలకు పంపినప్పుడు, 1971లో విమానంతో సహా తప్పిపోయిన ఒకరి చెల్లెలు ఒప్పుకోలేదు. అన్నయ్య పోయాడని తమకెవరూ రుజువు చూపించలేదు, మీరెలా రాయిస్తారని అడిగారు. ఆమెకు మా దగ్గర జవాబు లేదు. 1965, 1971 యుద్ధాల్లో తప్పిపోయినవారిగా ప్రభుత్వ జాబితాలో ఉన్న 54 మందిలో వాయుసేన పైలట్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కుటుంబాల వాళ్లు 1983లోనూ 2007లోనూ పాకిస్తాన్ జైళ్లకు వెళ్లి మరీ వెతికి వచ్చారు. అంత ఆశ పెట్టుకున్న ఇంటి మనిషిని అమరుల వరుసలో చెక్కించడానికి మాకు మనసొప్పలేదు.

అందుకే "తిరిగి రానివారు" అని వేరే రాయి పెట్టి, ప్రతి పేరు కింద రెండు వరుసల చోటు వదిలాం. నిజం ఎప్పుడు బయటికొస్తుందో ఎవరికి తెలుసు? 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్‌లోని సర్గోదా వైమానిక స్థావరం మీద దాడికి వెళ్లి తిరిగి రాని స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య గారు, తనకంటే వేగమైన శత్రు విమానాన్ని కూల్చాకే ఒరిగారని ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. మహావీర చక్ర ఇచ్చింది 1988లో. రేపు మన వాళ్ల గురించి అలాంటి కబురు వస్తే చెక్కడానికి ఆ చోటు కావాలి.

అక్టోబరు 8న, వాయుసేన దినోత్సవం నాడు జరగాల్సిన ఆవిష్కరణ డిసెంబరు 16కి వెళ్లింది కూడా ఈ రాయి వల్లే. కుటుంబాల సంతకాలు వచ్చేదాకా ఉలి పెట్టనివ్వలేదు. ఆ ఆలస్యానికి కమిటీని నిందించినవాళ్లు, ఆ రోజు ఆ చెల్లెలు తన అన్నయ్య పేరు పక్కన నిలబడి ఫొటో తీయించుకోవడం చూసే ఉంటారు.

కుటుంబాల బస్సు, రైలు టికెట్లన్నీ ఫైల్లో ఉన్నాయి. కమిటీ సభ్యులెవరూ ప్రయాణ ఖర్చు తీసుకోలేదు. మూడు కుటుంబాలు తమకిచ్చిన డబ్బును తిరిగి విరాళంగా రాయించాయి. వారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాం.

సభలో మైకు ముందు ప్రకటించి ఇంకా ఇవ్వని విరాళాలు రూ. 61,000 ఉన్నాయి. పేర్లు ఇక్కడ వేయడం లేదు. కానీ చుట్టూ ఇనుప గ్రిల్ పెట్టాలంటే ఆ డబ్బు రావాలి. ఇప్పటికే పశువులు దిమ్మె ఎక్కుతున్నాయి. దయచేసి ఈ నెలాఖరులోగా కట్టండి. బిల్లులు, రసీదు పుస్తకాలు, పాస్‌బుక్ కోశాధికారి దగ్గరున్నాయి. ఏ ఆదివారమైనా పొద్దున వచ్చి చూసుకోవచ్చు.