వాడిన సూదులు చెత్తబుట్టలో వేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

చెత్తకుప్పలో సిరంజిలు, సెలైన్ సీసాలు కనపడితే పేపర్లో ఫొటో వేస్తారు, రెండ్రోజులు అందరం తిట్టుకుంటాం, తర్వాత మర్చిపోతాం. అవి కుప్పదాకా రావడానికి కారణం పేషెంట్ మంచం పక్కనున్న డబ్బాలోనే ఉందండీ. హాస్పిటల్ చెత్తలో దాదాపు 85 శాతం కాగితాలు, అట్టపెట్టెలు లాంటి మామూలు చెత్తేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, ప్రమాదమంతా మిగతా 15 శాతంలోనే. రక్తం అంటిన దూది, సూదులు తెచ్చి ఆ మామూలు చెత్తలో కలిపేస్తే ఇక డబ్బా మొత్తం ప్రమాదమే. ఆ తర్వాత అందులో చెయ్యి పెట్టేది గ్లౌజులు కూడా లేకుండా ప్లాస్టిక్ ఏరుకునేవాళ్లు.

లివర్‌ని పాడుచేసే హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతికుంటుంది. ఆ జబ్బున్నవాళ్లకి వాడిన సూది, టీకా వేయించుకోని మనిషికి గుచ్చుకుంటే 30 శాతం దాకా అంటుకునే ఛాన్స్ ఉంది, అదే హెచ్ఐవీ అయితే 0.3 శాతం. మనం మాత్రం హెచ్ఐవీ పేరు వింటేనే వణికిపోతాం! హెపటైటిస్ బికి టీకా ఉంది కదా, మరి చెత్త ఎత్తేవాళ్లందరికీ ఎందుకు వేయించరు?

పోనీ తగలబెట్టేద్దాం అంటారు కొందరు, ప్లాస్టిక్‌ని తక్కువ వేడిలో కాలిస్తే డయాక్సిన్లు గాల్లోకి వస్తాయి, అవి క్యాన్సర్ తెచ్చే రకం. కనీసం 850 డిగ్రీల వేడి, పొగని శుభ్రం చేసే ఏర్పాటు ఉన్న ఇన్సినరేటర్, అంటే చెత్త కాల్చే కొలిమి కావాలి, లేదంటే ఆటోక్లేవ్‌లో ఆవిరితో క్రిములు చంపాలి.

ఇంకోటి, ఇదంతా హాస్పిటల్ వాళ్ల మీదే తోసేయలేం. షుగర్ ఉన్నవాళ్లు ఇంట్లోనే ఇన్సులిన్ చేసుకుంటారు, ఆ సూది ఎంత సన్నం అంటే కవర్లోంచి పొడుచుకొచ్చినా కంటికి ఆనదు, చెత్త తీసుకెళ్లే మనిషి కవర్ని చేత్తో అదిమి బండిలో కుక్కుతాడు, అప్పుడు దిగుతుంది. గట్టి మూతున్న మందం ప్లాస్టిక్ డబ్బా ఒకటి పక్కన పెట్టుకుని అందులో వేస్తూ, ముప్పావు వంతు నిండగానే మూత బిగించి టేపు వేసి పైన సూదులు అని రాస్తే చాలు. కానీ ఆ డబ్బా ఎవరికివ్వాలి? సూదులు అమ్మే మెడికల్ షాపులు, రాసిచ్చే డాక్టర్లే వాటిని వెనక్కి తీసుకునేలా రూల్ పెట్టాలి. దీని మీద అధికారుల్ని అడిగి, జవాబు మీ పేపర్లో వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు