మీ మెయిల్ మాకు అందలేదా? తప్పు మాదే

మా ప్రింటింగ్ షాపులో రొట్టెల పండగ ఫ్లెక్సుల హడావుడిలో ఉండగా కావలి నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "నాయనా, శుభలేఖ మేటర్ మెయిల్ చేసి నాలుగు రోజులైంది. ప్రూఫ్ ఎప్పుడిస్తావు?" ఇన్‌బాక్సులో వెతికాను, స్పామ్‌లోనూ వెతికాను, లేదు. పంపానని ఆయన, రాలేదని నేను. చివరికి వాళ్ల మనవరాలు స్క్రీన్‌షాట్ పెడితే తెలిసింది. మా మెయిల్ నిండిపోయి ఉండటంతో ఆయన పంపింది వెనక్కి పోయింది. ఆ సంగతి చెప్పే మెయిల్ ఇంగ్లీషులో వచ్చేసరికి ఏదో మోసం అనుకుని ఆయన డిలీట్ చేసేశారు. ఆయన్ని ఏమంటాం? తెలియని మెయిల్ ముట్టుకోవద్దనే కదా అందరం చెబుతున్నాం.

జీమెయిల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అది మెయిళ్లకే కాదు, డ్రైవ్‌కీ ఫోటోలకీ కలిపి. షాపు ఫోన్లోనూ అదే అకౌంటు ఉంది. ఆదివారం వస్తే ఆ ఫోన్ మా తమ్ముడి కొడుకు చేతిలో ఉంటుంది. మైపాడు బీచిలో వాడు తీసిన వీడియోలన్నీ బ్యాకప్ అయి కూర్చున్నాయి. వాడిని తిట్టాను గానీ, నిండిపోతోందని హెచ్చరిక కనబడుతున్నా రేపు చూద్దాంలే అని వదిలేసింది నేనే. తీరా పెద్ద ఫైళ్లు తీసేస్తే చోటు రాలేదు. ట్రాష్‌లో ఉన్నవీ లెక్కలోకి వస్తాయట! అదీ ఖాళీ చేశాక ఊపిరాడింది.

వెనక్కి పోయినవి ఎవరెవరివో మాకు తెలిసే దారి లేదు. పండగకు ముందు వారంలో మెయిల్ పెట్టి మా జవాబు రానివాళ్లు దయచేసి మళ్లీ పంపండి.

ఇకనుంచి ఉదయం పదింటికి, సాయంత్రం ఆరింటికి నేనే మెయిల్ తెరుస్తాను. స్పామ్ కూడా చూస్తాను, అక్కడ 30 రోజులు దాటితే అవే పోతాయి. చూసిన ప్రతి మెయిల్‌కీ "అందింది" అని రాస్తాను. ఒక రోజు గడిచినా అది రాకపోతే మొహమాటం లేకుండా ఫోన్ చేయండి.

మీరూ ఒక సాయం చేయాలి. సబ్జెక్టులో శుభలేఖో ఫ్లెక్సో రాసి, పేరు, ఊరు, ఫోన్ నంబరు పెట్టండి. శుభలేఖలు ఒక లేబుల్లోకి, ఫ్లెక్సులు ఇంకో లేబుల్లోకి వెళ్లేలా ఫిల్టర్ పెట్టాం. మొన్న ఒక నెట్ సెంటర్ నుంచి మెయిల్ వచ్చింది. లోపల ఒక తాతగారి ఫోటో, అంతే. షష్టిపూర్తికా, వర్ధంతికా? ఊహించి వేస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఫైలు 25 ఎంబీ దాటితే జీమెయిల్ దాన్ని డ్రైవ్ లింకుగా మారుస్తుంది. లింకు ఉన్న ఎవరైనా చూసేలా అనుమతి ఇవ్వండి, లేకపోతే మాకు తెరుచుకోదు. వాట్సాప్‌లో అయితే ఫోటోని డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, పదడుగుల ఫ్లెక్సు మీద మొహం గళ్లుగళ్లుగా పడుతుంది.

పెద్దాయన కార్డులు రాత్రి కూర్చుని వేసి, మా ఖర్చుతోనే కావలికి పంపాం. ప్రూఫ్‌లో చి.ల.సౌ. దగ్గర ఒక చుక్క పోతే, అదీ ఆయనే పట్టుకున్నారు.