గదుల పట్టిక బట్టీ పట్టిస్తే కథ చదివినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో కథ 'ది మాస్క్ ఆఫ్ ది రెడ్ డెత్' మీద మీ విద్యా పేజీలో వచ్చిన మాదిరి జవాబు చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. కథలో 'రెడ్ డెత్' అనే మహమ్మారి రాజ్యాన్ని తినేస్తుంటే, రాజు ప్రాస్పెరో స్నేహితులతో ఒక మఠంలో తలుపులు మూసుకుని ఏడు గదుల్లో వేషాల విందు చేస్తాడు; చివరి నల్ల గదిలో గంటలు కొట్టే గడియారం ఉంటుంది; అర్ధరాత్రి ఆ రోగంతో చచ్చిన శవం వేషంలో ఒకరు వస్తారు. మీ జవాబులో ఏడు గదులంటే జీవితంలో ఏడు దశలు, గడియారమంటే కాలం, రాజు ప్రాస్పెరో అంటే అహంకారం. ఈ పట్టిక రాస్తే పూర్తి మార్కులట. గైడ్లలోనూ ఇదే వరస. డిగ్రీ పిల్లలకు ఇది అన్యాయం.

ఏడు దశలని పో ఎక్కడా చెప్పలేదు. తూర్పున నీలం గదితో మొదలై పడమట నల్ల గదితో ముగిసే వరసను పుట్టుక నుంచి చావు దాకా అనుకోవచ్చు, తప్పు లేదు. కానీ అక్కడితో ఆగిపోతే రాజు మనకు కనిపించడు.

మిగతా ఆరు గదుల్లో కిటికీ అద్దాలది గది రంగే. నల్ల గదిలో మాత్రం నెత్తుటి ఎరుపు. వాటి వెనక నుంచి మంట వెలుగు పడితే లోపలికి వెళ్ళినవాళ్ళ ముఖాలు చూడలేం. ఆ అలంకరణ అంతా ప్రాస్పెరో అభిరుచే. రాజ్యంలో సగం జనం ఒంటి నుంచి నెత్తురు కారి అరగంటలో చచ్చిపోతుంటే, వెయ్యిమంది స్నేహితులతో లోపలికి చేరి తలుపు గడియలు కూడా కరిగించి అతికించుకున్న మనిషి, తను ఉండేచోటే నెత్తుటి రంగు అద్దాల గది ఎందుకు పెట్టుకున్నాడు? అసలు ప్రశ్న ఇది. చావును అలంకారంగా మార్చుకుంటే అది తన అదుపులో ఉంటుందని అతను నమ్మాడని నాకనిపిస్తుంది. పిల్లలు ఇంకోలా చెప్పొచ్చు, చెప్పనివ్వాలి.

వట్టి అహంకారమే అయితే, ఆ శవం వేషం కనబడగానే అతను ముందు వణకడెందుకు? తర్వాతే కోపం. క్షణం సేపు పిరికివాణ్ణయ్యానన్న సిగ్గుతోనే కత్తి దూసి ఆరు గదులూ దాటి వెంటపడతాడు. గంట కొట్టినప్పుడల్లా పాలిపోయి, ఆగగానే నవ్వేసే అతిథులూ, ఈసారి భయపడం అని ఒకరికొకరు చెప్పుకునే వాద్యగాళ్ళూ అలాంటివాళ్ళే. వాళ్ళ గురించి పట్టికలో ఒక్క ముక్క లేదు.

ఈ కథ 1842 మేలో గ్రాహమ్స్ పత్రికలో వచ్చింది. చిన్న కథలో ప్రతి మాటా ఒకే అనుభూతి కోసం పనిచేయాలని పో రాసిన, మరో అమెరికన్ రచయిత హాథార్న్ కథల సమీక్ష కూడా ఆ సంచికలోదే. అన్యాపదేశాన్ని, అంటే పాత్రలూ వస్తువులూ వేరే అర్థాలకు గుర్తులుగా నిలిచే కథనాన్ని, సమర్థించడానికి చెప్పదగ్గ మాట దాదాపు ఏదీ లేదని 1847లో రాసిందీ ఆయనే. అలాంటి రచయిత కథను ప్రతీకల జాబితాగా మార్చి పాఠం అయిపోయిందంటే ఎలా?

ఇప్పుడు డిగ్రీ చదివే పిల్లలు 2020లో ఇంట్లో తలుపులు మూసుకుని కూర్చున్నవాళ్ళు. వలస కూలీలు ఎండలో రోడ్ల వెంట నడిచిపోవడం టీవీలో చూసినవాళ్ళు. "బయటి ప్రపంచం సంగతి అదే చూసుకుంటుంది" అన్న వాక్యం పో కథలో ఉంది. దాని గురించి వాళ్ళను అడిగి చూడండి, ఎంత చెబుతారో.

ఐదారు పేజీల కథ ఇది. ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్ళు గదుల అర్థాలు అడగడం మాని, నల్ల గది రాజుకు ఎందుకు కావాల్సి వచ్చిందో కథలోని వాక్యాలు చూపించి రాయమనాలి. మీ పేజీలో కూడా మాదిరి జవాబు బదులు కథలోని ఒక పేరా, దాని కింద రెండు ప్రశ్నలు వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్,
తెనాలి