కాయిల్ కొలిచిన పెద్దాయనకు కృతజ్ఞతలు

కళ్లు మూతలు పడుతున్నాయి, అయినా ఇది రాయకుండా పడుకోలేను. నేను సొంతంగా కట్టుకుంటున్న విమానంలో మాస్టర్ స్విచ్ వేసిన కాసేపటికే ప్యానెల్ ఆరిపోయే జబ్బు నిన్న వదిలింది.

చూసిన ప్రతివారూ "సొంత వైరింగే కదా" అని పెదవి విరిచారు. ఈయన మాత్రం, ముక్కూ మొహం తెలియని మనిషి, విమానాల వైరింగు పని చేసి రిటైరైన పెద్దాయన, ఫోనులో నా గొంతు విని మల్టీమీటర్ సంచిలో వేసుకుని వచ్చేశారు. టార్చి వేసి వైర్ల కట్టను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, "ముడులు ఎంత పొందిగ్గా వేశావు బాబూ!" అన్నారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

తర్వాత మాస్టర్ కాంటాక్టర్ (మాస్టర్ స్విచ్ వేయగానే బ్యాటరీ కరెంటును విమానానికి కలిపే అయస్కాంతపు స్విచ్చు) మీద వేలు పెట్టి, వేడికి చటుక్కున తీశారు. వైర్లు విప్పి దాని కాయిల్, అంటే అయస్కాంతంగా పనిచేసే తీగచుట్ట, నిరోధం కొలిస్తే 4 ఓములు. ఎప్పుడూ ఆన్‌లో ఉండే మాస్టర్ కాయిల్ 12 వోల్టుల దగ్గర ఒక ఆంపియర్‌కు అటూ ఇటూగా తీసుకోవాలి. ఇది 3 లాగుతోంది. అంటే ఇంజన్ స్టార్టర్‌కు వాడే రకం, కొన్ని సెకన్ల పనికి చేసింది. వేడెక్కేకొద్దీ నిరోధం పెరిగి, కరెంటు తగ్గి, అయస్కాంతం పట్టు సడలి, ప్యానెల్ ఆరిపోతోంది. పాతదాన్ని అక్కడే రంపంతో కోసి చూపించారు: కరెంటును కలిపే రాగి బిళ్ల అంచున నల్లటి గుంతలు. కొత్తది బిగించి, చార ఉన్న కొస ప్లస్ వైపు వచ్చేలా కాయిల్‌కు డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) కూడా తానే వేశారు. అది లేకపోతే స్విచ్ ఆపిన క్షణాన కాయిల్ విసిరే వందల వోల్టులు స్విచ్చును తినేస్తాయి. డబ్బులివ్వబోతే "ముందు వెళ్లి నిద్రపో" అని కసిరారు.

అమ్మినవాళ్ల సంగతి చెప్పకపోతే నిద్ర పట్టదు. మాస్టర్‌కూ స్టార్టర్‌కూ వాడే రెండు రకాలకూ బయటి తొడుగు ఒకటే, పెట్టె మీద 'నిరంతర వాడకానికి' అనే ముద్ర. ఫిర్యాదు చేస్తే 'సొంతంగా కట్టిన విమానాలకు వారంటీ వర్తించదు' అని ఒక్క ముక్క జవాబు. మరి సొంతంగా కట్టుకునేవాళ్లకు కాకపోతే ఆ విడిభాగాల కిట్టు ఎవరికి అమ్ముతున్నట్టు?

ఇంట్లోవాళ్ల గురించి వేరే చెప్పాలా, వాళ్లకు తెలుసు.

అయ్యో, తన విమానానికి దాచుకున్న కొత్త కాంటాక్టర్ తీసి ఇచ్చిన పక్క హ్యాంగర్ మిత్రుణ్ణి మరిచేపోయాను! టార్చి పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డ కుర్రాడినీ. బ్యాటరీ చార్జర్ ఇచ్చినవారికి కూడా నమస్కారం. అది ఇంకా నా దగ్గరే ఉంది, రేపు తెచ్చిస్తాను.