ఈ సంగీతానికి ఊరుంది

ట్రాయ్, మిషిగన్

ఒరేయ్ మురళీ,

నీ ఉత్తరం అందింది. ఇంటి కబుర్లు తర్వాత రాస్తాను, ముందు నీ ఆఖరి పేరా సంగతి చూడాలి. "ఎలక్ట్రానిక్ సంగీతానికి ఊరేమిటిరా? ల్యాప్‌టాప్ ఎక్కడుంటే అదే ఊరు. బెర్లిన్‌లో వేసేదీ గచ్చిబౌలిలో వేసేదీ ఒకటే" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నేను ఒప్పుకోను. ఎలక్ట్రానిక్ డాన్సు సంగీతంలో ఒక శాఖ అయిన టెక్నోకు ఊరుంది, అది డెట్రాయిట్. ఆ ఊరికి అరగంట దూరంలో కాపురముంటూ ఈ మాట విని ఊరుకోవడం నా వల్ల కాదు.

ముందు యంత్రాల సంగతి. నీ వాదనకు బలమంతా అక్కడే ఉంది కాబట్టి అక్కడే మొదలుపెడతాను. జపానుకు చెందిన రోలాండ్ కంపెనీ 1980ల మొదట్లో టీబీ-303 అనే చిన్న పెట్టెను అమ్మింది. గిటారు వాయించేవాళ్లు ఒంటరిగా కూర్చున్నప్పుడు వెనక బేస్ వినిపించడానికి చేసిన పెట్టె అది. ఆ పనికి ఎవరికీ నచ్చలేదు, 1984 నాటికి తయారీ ఆపేశారు. అయితే 1982లోనే అది బొంబాయి చేరింది. హిందీ సినిమా పాటలకు వాయించే చరణ్‌జిత్ సింగ్ గారు దాన్నీ, టీఆర్-808 డ్రమ్ మెషీన్‌నూ కలిపి పది రాగాలను డిస్కో తాళం మీద వాయించి ఒక ఎల్పీ చేశారు. అందులో భైరవ్ వినరా, ఒళ్లు జలదరిస్తుంది. ఐదేళ్ల తర్వాత షికాగోలో వచ్చిన ఆసిడ్ హౌస్ అనే డాన్సు సంగీతపు రికార్డుల పక్కన పెడితే తోబుట్టువులే అనుకుంటావు. మరి ఆ ఎల్పీ ఏమైంది? ఎవరికీ పట్టలేదు. 2002లో ఎడో బౌమన్ అనే డచ్ రికార్డుల సేకర్త కంట ఢిల్లీలో పడి, 2010లో మళ్లీ విడుదలయ్యేదాకా దాని ఊసెత్తినవాళ్లు లేరు.

అదే పెట్టె షికాగోలో ఫ్యూచర్ అనే ముగ్గురు కుర్రాళ్ల చేతికి చిక్కింది. దాని గుండీలు ఇష్టమొచ్చినట్టు తిప్పుతూ టేపు చేసి, మ్యూజిక్ బాక్స్ క్లబ్బులో రికార్డులు వేసే రాన్ హార్డీకి ఇచ్చారు. ఆ రాత్రి అతను దాన్ని నాలుగుసార్లు వేశాడు. మొదటిసారి జనం ఆడటం మానేసి పక్కకు వెళ్లిపోయారు, నాలుగోసారికి వెర్రెత్తినట్టు ఆడారు. ఆ ముగ్గురిలో ఒకడైన డీజే పియర్ ఈ కథ చాలాసార్లు చెప్పాడు. 1987లో అది రికార్డుగా వచ్చింది, లోకమంతా పాకింది.

యంత్రం ఒకటే కదా. వాయించడంలో చరణ్‌జిత్ గారు ఈ కుర్రాళ్లకు గురువు కాదగినవారు. ఆయనకు లేనివాడు ఒకే పాటను నాలుగుసార్లు వేయగల రాన్ హార్డీ. ఆయనకు లేనివాళ్లు నాలుగోసారిదాకా ఆ గదిలో ఉండగల జనం. నేను ఊరు అంటున్నది దాన్నే. ల్యాప్‌టాప్ ఆ గదిని ఇవ్వలేదు.

ఇక డెట్రాయిట్‌కు వద్దాం. ఇక్కడ 1970ల చివర నుంచి ఎలెక్ట్రిఫైయింగ్ మోజో అనే రేడియో డీజే ఉండేవాడు. ముఖం ఎవరికీ చూపించేవాడు కాదు. రాత్రి కార్యక్రమంలో పార్లమెంట్-ఫంకడెలిక్, ప్రిన్స్, క్రాఫ్ట్‌వర్క్ ఒకరి వెనక ఒకరు వచ్చేవారు. నల్లవాళ్ల స్టేషన్‌లో తెల్లవాళ్ల పాటలు వేయకూడదు, తెల్లవాళ్ల స్టేషన్‌లో నల్లవాళ్ల పాటలు వేయకూడదు అన్న కట్టుబాటును ఆయన ఖాతరు చేయలేదు. వింటున్నవాళ్లను ఇంటి ముందు దీపాలు వెలిగించి ఆర్పమనేవాడు, కారు హారన్లు మోగించమనేవాడు. ఊరు ఊరంతా ఒకేసారి ఒకే పాట వింటున్నదని వాళ్లకు వాళ్లే తెలుసుకునేవారు. "క్రాఫ్ట్‌వర్క్ జర్మనీ వాళ్లు కదా, మరి అప్పుడే ఇది ప్రపంచ సంగీతం కాదా?" అని నువ్వు అంటావని తెలుసు. డుసెల్‌డార్ఫ్‌లో తయారైన ఆ పాట పక్కన నల్లవాళ్ల ఫంక్ పాటను ఉంచింది మోజో. ఆ రెండూ కలిసి చెవిన పడ్డది డెట్రాయిట్ పిల్లలకు. టెక్నోను పుట్టించిన హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ ముగ్గురూ బెల్విల్ అనే చిన్న పట్టణంలో ఒకే బడిలో చదివినవాళ్లు. ఆట్కిన్స్ కోర్గ్ ఎంఎస్-10 సింథసైజర్‌తో మొదలుపెట్టి, రిక్ డేవిస్‌తో కలిసి సైబోట్రాన్ పేరుతో 1981లో మొదటి రికార్డు తెచ్చాడు. దాన్ని మొదట గాలిలోకి వదిలిందీ మోజోనే.

ఇంకొకటి చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. మిషిగన్‌లో బార్లు రాత్రి రెండింటికి మందు అమ్మడం ఆపేయాలి. అందుకే 1988లో బ్రాడ్‌వే వీధిలో తెరిచిన మ్యూజిక్ ఇన్‌స్టిట్యూట్ అనే క్లబ్బు అసలు మందే పెట్టలేదు. పళ్లరసాలు అమ్ముతూ తెల్లవారేదాకా నడిపారు. మందు కోసం వచ్చేవాళ్లు రాలేదు, సంగీతం కోసం వచ్చేవాళ్లే మిగిలారు. బెర్లిన్‌లో చూడు, పశ్చిమ బెర్లిన్‌లో 1949 నుంచే మూసే వేళ అన్నది లేదు. అక్కడ శనివారం రాత్రి మొదలైన ఆట ఆదివారం మధ్యాహ్నం దాటినా సాగుతుంది, పాటలు కూడా నిదానంగా, గంటల తరబడి పెరిగేలా అల్లుకుంటారు. ఒక ఊరి మద్యం చట్టం పాట నిడివిని కూడా మారుస్తుంది. అలాంటప్పుడు ఊరితో సంబంధం లేదని ఎలా అంటాం?

రికార్డు తయారీ కూడా ఊళ్లోనే జరిగేది. డేవిసన్ దగ్గర ఆర్చర్ అనే రికార్డుల ఫ్యాక్టరీ 1965 నుంచి ఒకే కుటుంబం చేతిలో నడుస్తోంది. టెక్నో రికార్డులు ఎన్నో అక్కడే అచ్చయ్యాయి. అచ్చుకు ముందు సూది నడిచే గాడి కోసేవాడు రాన్ మర్ఫీ. లోపలి నుంచి బయటికి తిరిగే గాడి, ఒకే చుట్టు మీద ఎప్పటికీ తిరుగుతూ ఉండే గాడి, ఇలాంటివన్నీ ఆయన చేతి పనే. మర్ఫీ 2008లో పోయాడు. మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్ మొదలుపెట్టిన అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే టెక్నో బృందం వాళ్లు రికార్డు చివర ఖాళీ చోటులో గీతలతో సందేశాలు చెక్కించేవారు. దీపం కింద పట్టుకుని తిప్పితే కనబడతాయి. వాళ్ల భవనం 3000 ఈస్ట్ గ్రాండ్ బులెవార్డులో ఉంది. ముందుగా కబురు చేస్తే లోపలున్న చిన్న టెక్నో మ్యూజియం చూపిస్తారు. అదే రోడ్డులో పడమటి వైపు మోటౌన్ రికార్డుల కంపెనీ పుట్టిన ఇల్లు. మోటౌన్ 1972లో లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. ఆ వెళ్లిపోవడం ఈ ఊరివాళ్లను ఎంత కోసిందో ఇక్కడ ఎవరిని కదిపినా తెలుస్తుంది. కంపెనీ, పంపిణీ, భవనం అన్నీ తమ చేతుల్లోనే ఉండాలని మైక్ బ్యాంక్స్ వాళ్లు పట్టుబట్టడం వెనక ఆ గాయం ఉందని నా నమ్మకం.

బెర్లిన్ చేసిన మేలును నేను తక్కువ చేయను. 1989 నవంబరులో గోడ కూలింది. తూర్పు బెర్లిన్‌లో యజమానులెవరో తేలని భవనాలు ఎన్నో మిగిలాయి. ఒకప్పటి వెర్ట్‌హైమ్ దుకాణం నేలమాళిగలో, పాత ఖజానా గదుల్లో, 1991 మార్చిలో ట్రెసార్ క్లబ్బు తెరిచారు. ఆ క్లబ్బు పేరిట వచ్చిన మొట్టమొదటి రికార్డు అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ వాళ్లదే. హార్డ్ వ్యాక్స్ అనే రికార్డుల దుకాణం డెట్రాయిట్ రికార్డులను తెప్పించి అక్కడివాళ్ల చెవుల్లో పోసింది. సొంత దేశంలో రేడియోలు పట్టించుకోని ఈ మనుషులకు అక్కడ కూడు దొరికింది, గౌరవం దొరికింది. అయినా దాన్ని "ప్రపంచం" అనకు. ఒక ఊళ్లో ఒక దుకాణం, ఒక నేలమాళిగ, ఇంకో ఊళ్లో ఒక ఫ్యాక్టరీ, ఒక భవనం, మధ్య తిరిగిన రికార్డుల పెట్టెలు. ఈ రెండు ఊళ్లకూ ఖాళీ భవనాలు ఉండటం తప్ప పోలిక లేదు. బెర్లిన్‌ను ఖాళీ చేసింది యుద్ధమూ గోడా. 1950లో 18 లక్షలు దాటిన డెట్రాయిట్ జనాభాను 2010కి 7 లక్షల చిల్లరకు దించింది కార్ల ఫ్యాక్టరీల మూతా, తెల్లవాళ్లు శివార్లకు తరలిపోవడమూ. నేనుండే ట్రాయ్ కూడా ఆ శివార్లలో ఒకటి. మన తెలుగువాళ్లు ఇక్కడ వేలల్లో ఉన్నాం, కార్ల కంపెనీల జీతాల మీద బతుకుతున్నాం. ఈ సంగీతం మన ఊరిదేనని మనలో ఎంతమందికి తెలుసు అని తలుచుకుంటే బాధేస్తుంది.

2024 మార్చిలో జర్మనీ బెర్లిన్ టెక్నోను తన జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. నాకు సంతోషమే, వాళ్ల క్లబ్బులకు అద్దెల నుంచి కొంత రక్షణ దొరకాలి. కానీ ఆ వార్త చదివిన కుర్రాడు ఎవడైనా టెక్నో బెర్లిన్‌లో పుట్టిందనుకుంటే అది అన్యాయం. "అందరిదీ" అన్న మాటతో నాకున్న పేచీ అదే మురళీ. అందరిదీ అనగానే ముందుగా చెరిగిపోయేది మోజో పేరు, మర్ఫీ పేరు.

అందరూ ఎప్పుడు పనికొచ్చారో కూడా చెబుతాను. అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ నుంచి 1999లో డీజే రొలాండో పాట ఒకటి వచ్చి యూరప్ అంతా మోగింది. సోనీ జర్మనీ విభాగం వాళ్ల అనుమతి లేకుండానే అచ్చం అదే పాటను వేరేవాళ్ల చేత వాయించింది. అప్పుడు దేశదేశాల శ్రోతలు ఈమెయిళ్లతో ఆ కంపెనీ మీద విరుచుకుపడ్డారు. వాళ్లలో చాలామంది డెట్రాయిట్ మొహం చూడనివాళ్లు. ఆ పాట ఎవరిదో వాళ్లకు తెలుసు కాబట్టే కోపం వచ్చింది.

మన హైదరాబాద్ మర్ఫానే చూడు. నిజాం కాలంలో ఆఫ్రికా సిద్దీలు, యెమెన్ అరబ్బులు తెచ్చిన వాద్యం అది. ఈరోజు బారాత్‌లో మోగుతుంటే పరాయిదని ఎవరైనా అంటారా? బార్కస్, ఏసీ గార్డ్స్ మనుషులు తరతరాలుగా చేతులు కాయలు కాసేలా వాయించి దాన్ని హైదరాబాద్‌ది చేశారు. ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న. ఎవరు కూర్చుని మోశారన్నది ఇంకో ప్రశ్న. నేను రెండోదాని గురించి మాట్లాడుతున్నాను.

అందుకని వచ్చే మే నెలాఖరుకు టికెట్ తీసుకో. మెమోరియల్ డే సెలవుల్లో హార్ట్ ప్లాజాలో టెక్నో ఉత్సవం ఉంటుంది, 2000 నుంచి జరుగుతున్నదే. 2015లో తానా మహాసభలు జరిగిన అప్పటి కోబో సెంటర్ గుర్తుందా, మీ బావగారు వచ్చారే, దాని పక్కనే నది ఒడ్డున. మూడు రోజులూ నిలబడి వినాలి, బూట్లు మంచివి తెచ్చుకో. గ్రాండ్ బులెవార్డుకు నేను ముందే కబురు చేసి ఉంచుతాను.

ఈలోగా నాకో పని చేసిపెట్టు. బార్కస్‌లో ఎక్కడైనా పెళ్లి ఊరేగింపు తగిలితే పది నిమిషాల మర్ఫా ఫోనులో రికార్డు చేసి పంపు. వాయించినవాళ్ల పేర్లు అడిగి రాయడం మాత్రం మరిచిపోకు. అమ్మగారి మోకాలు ఇప్పుడెలా ఉందో కూడా రాయి.

నీ
ప్రసాద్